పెరటి కాంక్రీటు: నీటి లెక్క, ఉప్పు ముప్పు

శ్రీకాకుళం జిల్లా తీర మండలాల్లోను, విజయనగరం జిల్లాలో పూసపాటిరేగ, భోగాపురం వైపు ఊళ్లలోను పెరట్లో సిమెంటుతో చేసిన చిన్న చిన్న వస్తువులకు కొదవ లేదు. పశువుల కుడితి తొట్టెలు, తులసికోటలు, నూతి చుట్టూ పరిచిన పలకలు, పూలకుండీలు, కూర్చునే బల్లలు, ఇవన్నీ ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటుతోనో, సెలవు రోజున ఇష్టంగానో చేసుకున్నవే. వాటిలో కొన్ని ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉంటాయి. మరికొన్ని రెండు మూడు వానాకాలాలకే అంచులు రాలి, పైపొర గోటితో గీరితే పొడిగా ఊడివచ్చే స్థితికి చేరతాయి. రెండింటిలోనూ వాడిన సిమెంటు ఒకే రకానిది కావచ్చు, చేసిన మేస్త్రి కూడా ఒకరే కావచ్చు. తేడా ఎక్కువసార్లు నీటి దగ్గర వస్తుంది. కలిపేటప్పుడు అవసరానికి మించి పోస్తారు. పోత అయ్యాక అవసరమైనన్ని రోజులు పట్టరు. తీరంలో ఈ రెండు తప్పులకు ఉప్పు తోడవుతుంది.

తడి సిమెంటు ఎండి గట్టిపడుతుందన్నది చాలామంది నమ్మకం. నిజానికి అది నీటితో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది; అందుకే నీటి అడుగున పోసిన కాంక్రీటు కూడా బిగుసుకుంటుంది. సున్నపురాయిని, బంకమట్టిని కలిపి బట్టీలో సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వరకు కాల్చితే గట్టి ఉండలు ఏర్పడతాయి. క్లింకర్ అనే ఆ ఉండలకు కొద్దిగా జిప్సం చేర్చి మెత్తగా నూరితే సిమెంటు తయారవుతుంది. జిప్సం లేకపోతే నీరు తగిలిన కొద్ది నిమిషాలకే అంతా బిగుసుకుపోయి, పని చేసుకునే వ్యవధి ఉండదు. క్లింకర్‌లో బలాన్నిచ్చేవి ముఖ్యంగా రెండు కాల్షియం సిలికేట్లు. ట్రైకాల్షియం సిలికేట్ త్వరగా నీటితో కలిసి మొదటి వారాల బలాన్ని ఇస్తే, డైకాల్షియం సిలికేట్ నెలల తరబడి నెమ్మదిగా పనిచేసి తరువాతి బలాన్ని ఇస్తుంది. ఈ చర్యలో పుట్టే కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే అతి సూక్ష్మమైన పదార్థమే ఇసుకను, పిక్కను (కంకరను) పట్టి ఉంచే జిగురు. దానితోపాటు కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడి సున్నం, కూడా పుడుతుంది. బలానికి దీని తోడ్పాటు తక్కువే. కాంక్రీటు లోపలి క్షారగుణానికి మాత్రం ఇదొక ప్రధాన కారణం. లోపలి ఇనుమును తుప్పు నుంచి కాపాడేది ఆ క్షారగుణమే, కుండీలో పెట్టిన మొక్కకు ఇబ్బంది తెచ్చేదీ అదే.

సిమెంటు రాకముందు కట్టడాలకు వాడిన గానుగ సున్నం తీరు వేరు. అది గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని, ఏళ్ల మీద మళ్లీ సున్నపురాయిగా మారుతూ గట్టిపడుతుంది. అందులో బెల్లపు నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపే పద్ధతి ఉండేది. ఆ అలవాటును సిమెంటుకు అంటగడితే నష్టమే. చక్కెర సిమెంటు రేణువుల మీద పొరలా పట్టుకుని నీటి చర్యను అడ్డుకుంటుంది. సిమెంటు బరువులో వెయ్యో వంతు చక్కెర చాలు, గట్టిపడటం బాగా ఆలస్యం కావడానికి. బెల్లం వండిన పాత్రలను, తీపి పానీయాల డబ్బాలను కడగకుండా సిమెంటు కలపడానికి వాడకూడదనడానికి కారణం ఇదే.

సిమెంటు మొత్తం చర్య జరపడానికి రసాయనికంగా పట్టే నీరు దాని బరువులో సుమారు 23 శాతం. జిగురులోని సూక్ష్మరంధ్రాల్లో చిక్కుకుపోయే నీటిని కూడా కలుపుకుంటే అది 40 శాతానికి దగ్గరగా వస్తుంది. అంటే 50 కిలోల బస్తాకు 20 లీటర్లు. అంత తక్కువ నీటితో పారతో కలపడం కష్టం కాబట్టి, బస్తాకు 25 లీటర్లు, అంటే 0.5 నిష్పత్తి, పెరటి పనికి తగిన హద్దు. అంతకు మించిన నీరు సిమెంటుతో కలవదు. కొంతకాలం రేణువుల మధ్య చోటు ఆక్రమించుకుని, తరువాత ఆవిరైపోయి ఆ చోటును ఖాళీగా వదిలిపెడుతుంది. ఆ ఖాళీలే బలాన్ని తగ్గిస్తాయి, వాననీటికి, ఉప్పుకు దారి ఇస్తాయి. నీటికి, సిమెంటుకు ఉన్న నిష్పత్తే కాంక్రీటు బలాన్ని నిర్ణయిస్తుందని అమెరికా ఇంజినీరు డఫ్ అబ్రామ్స్ 1918లో ప్రయోగాలతో చూపించాడు. ఆ నిష్పత్తి 0.5 నుంచి 0.7కు పెరిగితే బలం దాదాపు 40 శాతం పడిపోతుంది. బస్తాకు పది లీటర్ల అదనపు నీరు, అంటే ఒక చిన్న బకెట్, చేసే నష్టమది. సిమెంటు పాళ్లు పెంచామన్న ధీమాతో నీళ్లు ధారాళంగా పోసేవారు ఈ లెక్కను తప్పక గుర్తించాలి. ఖర్చు పెట్టి కొన్న బలాన్ని బకెట్‌తో కడిగేసుకుంటున్నారు.

ఇసుకలో ముందే ఉన్న తడి కూడా ఈ లెక్కలోకి వస్తుంది. వానాకాలంలో తెచ్చిన ఇసుకలో ఐదు శాతం తడి ఉంటే, వంద కిలోల ఇసుకతో పాటు ఐదు లీటర్ల నీరు చెప్పకుండా వచ్చి చేరుతుంది. పైగా తడి ఇసుక ఉబ్బుతుంది. రేణువుల చుట్టూ ఉన్న పలుచని నీటిపొర వాటిని ఎడంగా ఉంచడం వల్ల దాని ఘనపరిమాణం పాతిక శాతం వరకు పెరగవచ్చు. తట్టలతో, డబ్బాలతో కొలిచేవారికి దీనివల్ల ఇసుక అనుకున్నదానికంటే తక్కువ పడుతుంది. బాగా ఎండిన ఇసుకతో పని మొదలుపెట్టడం, లేదా తడి ఇసుకను నాలుగింట ఒక వంతు వరకు అదనంగా తీసుకుని నీటిని తగ్గించడం, ఈ రెండింటిలో ఏదో ఒకటి చేయాలి.

ఇసుక ఎక్కడిదన్నది ఈ జిల్లాల్లో చిన్న ప్రశ్న కాదు. నాగావళి, వంశధార, చంపావతి ఏళ్ల ఎగువ భాగాల నుంచి వచ్చే ఇసుక కాంక్రీటుకు బాగా సరిపోతుంది. ముతక, సన్నం రేణువులు కలిసి ఉండటం వల్ల ఖాళీలు తక్కువ మిగులుతాయి. కళింగపట్నం వంటి చోట్ల ఏరు సముద్రంలో కలిసే దగ్గరి ఇసుకలో ఉప్పు చేరుతుంది. ఇక తీరపు ఇసుక సంగతి వేరే చెప్పాలి. అది తేలిగ్గా దొరుకుతుందని ఇంటి పనికి వాడటం మంచిది కాదు. రేణువులన్నీ ఇంచుమించు ఒకే పరిమాణంలో సన్నగా ఉంటాయి కాబట్టి అది ఎక్కువ నీటిని కోరుతుంది. ఉప్పు ఎలాగూ ఉంటుంది. తీరంలో ఇసుక తవ్వకాన్ని తీర నియంత్రణ నిబంధనలు నిషేధిస్తాయి కూడా. ఏటి ఇసుకలో ఒండ్రు ఎంత ఉందో తెలుసుకోవడానికి గాజు సీసాలో సగం ఇసుక వేసి, నీళ్లు పోసి, బాగా కుదిపి కొన్ని గంటలు కదపకుండా ఉంచితే చాలు. పైన తేరిన మట్టిపొర మందం కింది ఇసుక మందంలో ఎనిమిది శాతం దాటితే ఆ ఇసుకను కడిగి వాడాలి.

పిక్క విషయంలోనూ స్థానిక పరిస్థితి ఒకటుంది. తూర్పు కనుమల్లో విస్తారంగా కనిపించే ఖొండలైటు రాయి గాలికి, వానకు త్వరగా శిథిలమవుతుంది. పసుపు, ఎరుపు డాగులతో గుల్లబారిన అలాంటి రాయిని కొట్టిన పిక్క నీటిని పీల్చుకుంటుంది, గట్టిదనం తక్కువ. నల్లగా, బిగువుగా ఉండే చార్నొకైటు, టెక్కలి ప్రాంతపు నీలి గ్రానైటు వంటి రాళ్ల పిక్క నమ్మదగినది. ఒక పిక్కను మరొకదానితో కొడితే గణగణమనాలి తప్ప పొడి రాలకూడదు. పరిమాణం పోత మందంలో నాలుగో వంతును మించకూడదు. ఐదు సెంటీమీటర్ల పలకకు 10, 12 మిల్లీమీటర్ల పిక్క సరిపోతుంది. మూడు సెంటీమీటర్ల కుండీ గోడకు బేబీ చిప్స్ అనే సన్న పిక్క కూడా అక్కర్లేదు, ముతక ఇసుక ఒక్కటే మేలు.

పోత పోసిన తరువాతి రోజులు కలిపే పని కంటే ముఖ్యమైనవని చెప్పినా తప్పు లేదు. సాధారణ సిమెంటు వాడిన కాంక్రీటు 28 రోజులకు పొందే బలంలో సుమారు మూడింట రెండు వంతులను మొదటి ఏడు రోజుల్లోనే పొందుతుంది. ఆ వారంలో లోపలి తడి ఆరిపోతే చర్య అక్కడితో ఆగుతుంది. తరువాత ఎప్పుడో నీళ్లు పోసినా పోయిన బలం పూర్తిగా తిరిగి రాదు. భారత ప్రమాణం ఐఎస్ 456 సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద లేదా స్లాగు (ఇనుము కరిగించే కొలిమిలో మిగిలే చిట్టెం) కలిసిన సిమెంటుకు 10 రోజులు తడి ఉంచాలంటుంది. అలాంటి మిశ్రమ సిమెంట్ల విషయంలో 14 రోజుల వరకు కొనసాగించడం మంచిదని సూచిస్తుంది. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా దొరికేది పీపీసీ, అంటే థర్మల్ కేంద్రాల బూడిద కలిపిన పొజోలానా సిమెంటు. విశాఖ ఉక్కు కర్మాగారం వంటి చోట్ల నుంచి వచ్చే స్లాగుతో చేసిన సిమెంటు కూడా ఉత్తరాంధ్రకు పరిచయమైనదే. ఈ రెండూ మొదట్లో కాస్త నెమ్మదిగా బలపడతాయి. కానీ పీపీసీలోని బూడిద సిమెంటు చర్యలో పుట్టిన సున్నంతో కలిసి అదనపు జిగురుగా మారుతుంది, స్లాగు కూడా ఇలాగే అదనపు జిగురునిస్తుంది. దానివల్ల సూక్ష్మరంధ్రాలు మూసుకుపోయి ఉప్పు చొరబాటు తగ్గుతుంది. తీర గ్రామాల పెరటి పనికి 53 గ్రేడు సాధారణ సిమెంటు కంటే ఇవే మేలైన ఎంపిక. అయితే ఆ మేలు దక్కాలంటే రెండు వారాల నీటి సేవ తప్పదు.

పలకలు, కుండీల వంటి వాటికి రోజుకు రెండుసార్లు నీళ్లు చిలకరించి వదిలేయడం సరిపోదు. చిలకరించిన నీరు ఎండకు గంటలో ఆరిపోయి, పైపొర మళ్లీ మళ్లీ తడుస్తూ ఆరుతూ ఉంటే సన్నని పగుళ్లు వస్తాయి. తడి గోనెసంచులు కప్పి, వాటి మీద పాలిథిన్ పరిచి, అంచులకు రాళ్లు పెట్టడం సరైన పద్ధతి. వస్తువు చిన్నదైతే గట్టిపడిన మరునాడు నీళ్ల తొట్టెలో ముంచి ఉంచడం అన్నింటికంటే ఉత్తమం. సంక్రాంతి తరువాత ఫిబ్రవరి నెల పోత పనికి అనువైన కాలం. మే నెలలో చేయక తప్పకపోతే సాయంత్రం పూట, నీడలో చేయాలి. ఎండ కంటే గాలి ఎక్కువ హాని చేస్తుంది. ఉపరితలం నుంచి నీరు చదరపు మీటరుకు గంటకు ఒక కిలో చొప్పున ఆవిరైతే, కాంక్రీటు ఇంకా మెత్తగా ఉండగానే పగుళ్లు మొదలవుతాయి.

కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది, లాగుడును అందులో పదో వంతు మాత్రమే తట్టుకుంటుంది. వంగే భాగాలకు ఇనుము కావలసి రావడానికి కారణం ఇదే. ఇనుప చువ్వల కాంక్రీటు చరిత్రలో తోటలకు గౌరవమైన చోటుంది. ఫ్రాన్సుకు చెందిన తోటమాలి జోసెఫ్ మోనియే ఇనుప వల మీద సిమెంటు పూసి చేసిన మొక్కల తొట్టెలకు 1867లో పేటెంటు పొందాడు. తరువాత వచ్చిన వంతెనలకు, మేడలకు దారి వేసిన తొలి ప్రయత్నాల్లో ఆ తొట్టెలు ఉన్నాయి. అయితే సముద్రతీరంలో ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు అనుసరిస్తే చిక్కు వస్తుంది. కాంక్రీటు క్షారగుణం ఇనుము మీద ఒక రక్షణ పొరను నిలబెడుతుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను ఛేదిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు పరిమాణానికి రెండింతలకు మించి ఉబ్బి, లోపలి నుంచి కాంక్రీటును చీలుస్తుంది. మూడు సెంటీమీటర్ల కుండీ గోడ మధ్యలో పెట్టిన కోళ్ల వలకు ఇరువైపులా దక్కే రక్షణ ఒకటిన్నర సెంటీమీటరు కూడా ఉండదు.

కలపడానికి వాడే నీటి విషయంలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఐఎస్ 456 ప్రకారం ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు; ఇనుము లేనిదానికి 2000 వరకు అనుమతి ఉంది. కాబట్టి బోరు నీరు ఉప్పగా ఉన్న ఊళ్లో పలకలు, ఇనుము లేని బల్లలు ఆ నీటితో చేసుకున్నా, ఆరిన తరువాత తెల్లటి ఉప్పుపూత కనిపించడమే తప్ప పెద్ద ప్రమాదం ఉండదు. వల పెట్టే కుండీలకు మాత్రం తాగే నీరే వాడాలి. వీలైనంత వరకు ఇనుము అక్కర్లేని ఆకారాలనే ఎంచుకోవడం తీరవాసులకు తెలివైన దారి. గోడ కాస్త మందంగా ఉంచడం, మూలలను గుండ్రంగా మలచడం, పలకను ఇసుక పరుపు మీద అంతటా ఆనేలా పరచడం, ఇవి చేస్తే లాగుడు తగ్గి ఇనుము అవసరమే పోతుంది. మత్స్యకారులు పక్కన పడేసే నైలాన్ వల ముక్కలను కుండీ గోడలో పెట్టవచ్చు. సాగే గుణం వల్ల నైలాను కాంక్రీటు బలాన్ని పెంచదు, పగిలినప్పుడు ముక్కలు విడిపోకుండా పట్టి ఉంచుతుంది. తుప్పు మాత్రం పట్టదు.

తోట బాటకు వేసే పలక మొదటి ప్రయత్నానికి బాగుంటుంది. 45 సెంటీమీటర్ల చదరం, ఐదు సెంటీమీటర్ల మందం ఉన్న పలక ఘనపరిమాణం పది లీటర్లు, బరువు సుమారు 24 కిలోలు. సిమెంటు ఒక పాలు, ఇసుక రెండు, పిక్క మూడు చొప్పున కలిపితే ఒక పలకకు రెండున్నర లీటర్ల పైచిలుకు సిమెంటు, దానికి రెట్టింపు ఇసుక, మూడు రెట్లు పిక్క పడతాయి. నీరు రెండు లీటర్లకు మించకూడదు. ఒక బస్తాతో సుమారు పదమూడు పలకలు వస్తాయి. ముందు పొడిగా కలిపి రంగు ఒకేలా వచ్చాక నీటిని విడతలుగా పోయాలి. ముద్ద పట్టి నొక్కితే ఆకారం నిలవాలి, వేళ్ల సందుల నుంచి నీరు కారకూడదు. చెక్క చట్రాన్ని పాలిథిన్ మీద ఉంచి, నింపి, కర్రతో కూరి, చట్రం అంచులను సుత్తితో తట్టి గాలిబుడగలు పోగొట్టాలి. పైకి తేలిన నీరు ఇంకిపోకముందే తాపీతో నునుపు చేయాలన్న తొందర పనికిరాదు. ఆ నీటిని పైపొరలోకే తిరిగి రుద్దడం వల్లనే పలకల మీద పొడి లేస్తుంది.

కుండీకి రెండు బకెట్లు చాలు. పెద్దదాని లోపల చిన్నది పెడితే చుట్టూ మూడు సెంటీమీటర్ల ఎడం రావాలి. అచ్చులకు నూనె రాసి, నీరు పోవడానికి అడుగున పీవీసీ గొట్టం ముక్క నిలబెట్టి, ఒకటికి మూడు పాళ్ల ఇసుకతో కలిపిన మాలును నింపుతారు. లోపలి బకెట్‌లో ఇసుక పోసి బరువు పెట్టకపోతే మాలు దాన్ని పైకి తేల్చేస్తుంది. గట్టిపడుతూ ముడుచుకునే సిమెంటు లోపలి బకెట్‌ను బిగించి పట్టుకుంటుంది కాబట్టి మరునాడే దాన్ని మెల్లగా తిప్పి తీయాలి. బయటిది మరో రోజు ఉన్నా ఫరవాలేదు.

కవిటి, సోంపేట వైపు కొబ్బరి పొట్టు సులువుగా దొరుకుతుంది. విదేశాల్లో తేలిక కుండీలకు పీట్ అనే నాచుమట్టిని సిమెంటులో కలుపుతారు. దాని బదులు ఈ పొట్టు పనిచేస్తుంది. సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, పొట్టు ఒకటిన్నర పాళ్లు తీసుకోవచ్చు. పొట్టులో ఉప్పు, టానిన్లు ఉంటాయి. టానిన్లు చక్కెరలాగే సిమెంటు చర్యను మందగింపజేస్తాయి కాబట్టి, కడిగిన నీరు టీ రంగు పోయి తేటపడేదాకా పొట్టును నానబెట్టి పిండాలి. ఈ కుండీల బలం తక్కువ, మందం ఐదు సెంటీమీటర్లయినా ఉండాలి. మొక్కల వేళ్లకు గాలి ఆడటం, బరువు తగ్గడం వీటి లాభాలు.

పక్షుల నీటి పళ్లేనికి చేమ ఆకు మంచి అచ్చు. తడి ఇసుకను దిబ్బలా పోసి, పాలిథిన్ కప్పి, ఈనెలు పైకి ఉండేలా ఆకును పరిచి, సన్నని ఇసుక రెండు పాళ్లతో కలిపిన గట్టి మాలును రెండు సెంటీమీటర్ల మందాన అద్దాలి. రెండు రోజుల తరువాత తిప్పితే ఆకు ఊడివస్తుంది, ఈనెల ముద్ర పళ్లెంలో నిలుస్తుంది.

తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, కళ్లకు మరీ ప్రమాదం. రబ్బరు చేతితొడుగులు తప్పనిసరి, పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. మిగిలిన బస్తాను తీరపు తేమలో నేల మీద వదిలేస్తే మూడు నెలలకే బలంలో ఐదో వంతు వరకు పోతుంది. చెక్క మీద పెట్టి పాలిథిన్‌తో బిగించాలి. వేళ్లతో నలిపినా చితకని గడ్డలున్న సిమెంటును వాడకూడదు.

కొత్త కాంక్రీటు నుంచి ఊరే నీటి పీహెచ్ 12 దాటుతుంది. అలాంటి కుండీలో నేరుగా మొక్క పెడితే మట్టిలోని ఇనుమును వేళ్లు తీసుకోలేవు. ఆమ్లగుణం కోరే నూరువరహాల వంటి మొక్కల్లో ఈనెలు ఆకుపచ్చగా ఉండగానే లేత ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. పక్షుల పళ్లెంలో, చేపల తొట్టెలో ఈ క్షారం మరింత హాని చేస్తుంది. తడి ఉంచే గడువు ముగిశాక మరో రెండు మూడు వారాలు వస్తువును నీటితో నింపి, రెండు రోజులకోసారి ఆ నీటిని పారబోసి మార్చాలి. క్షారం పోయిందో లేదో చూడటానికి పసుపు చాలు. సున్నం తగిలితే పసుపు ఎర్రబడి పారాణి అవుతుంది కదా, ఇక్కడా జరిగేది అదే చర్య. రెండు రోజులు నిలవ ఉన్న నీటిలో చిటికెడు పసుపు కలిపితే ఎర్రబడినంతకాలం నీళ్లు మారుస్తూ ఉండాలి. పసుపు పచ్చగానే ఉండిపోయిన నాడు కుండీలో మట్టి నింపుకోవచ్చు, పళ్లెంలో పక్షులకు నీళ్లు పెట్టవచ్చు.